20 అంగుళాల ఎల్‌ఈడీ లైట్ బార్ కిట్ సమీక్ష: వెలుగు బాగుంది, బిగింపు చూసుకోకపోతే ఇంజిన్ హీటెక్కుతుంది

ఆటోనగర్ యాక్సెసరీస్ దుకాణాల్లోనూ ఆన్‌లైన్‌లోనూ మూడు వేల లోపు దొరికే, కంపెనీ ముద్ర లేని 20 అంగుళాల ఎల్‌ఈడీ బార్ కిట్ గురించి ఈ సమీక్ష. డబ్బాలో బార్, రెండు ఎల్ ఆకారపు క్లాంపులు, రిలేతో (చిన్న కరెంటుతో పెద్ద కరెంటును ఆన్ చేసే స్విచ్) కూడిన వైరింగు, ఒక స్విచ్, ఒక పొట్లంలో బోల్టులు, స్క్రూలు వస్తాయి. మార్కులు విడివిడిగా వేయాలి. లైటుకు 5కి 4, క్లాంపులకు 2, వైరింగుకు 1. ఈ కిట్ పెట్టించుకున్నవాళ్లు వెలుతురు చాల్లేదని పెద్దగా అనరు. "లైట్లు పెట్టించినప్పటి నుంచి బండి హీటెక్కుతోంది" అంటారు. ఆ మాట నిజం. అందుకే ఈ సమీక్షలో సగానికి పైగా బిగింపు మీదే.

ముందు వెలుగు సంగతి. డివైడర్ లేని రెండు లైన్ల రోడ్డు మీద ఈ బార్ రోడ్డు అంచులు రెండింటినీ చక్కగా చూపిస్తుంది. గట్టు దిగి వచ్చే గేదెలు, వెనక రిఫ్లెక్టర్ లేని ట్రాక్టర్ ట్రక్కులు ముందుగానే కనబడతాయి. వెడల్పు ఎక్కువ, దూరం తక్కువ. పొగమంచులో పనికిరాదు, తెల్లటి వెలుగు తిరిగి కళ్లలోనే కొడుతుంది. అద్దం అంచున సీలు సరిగ్గా కూర్చోని బార్లలో మొదటి వానకే తేమ చేరుతుంది కాబట్టి బిగించే ముందే అంచు చుట్టూ సిలికాన్ పూయించడం మంచిది.

డబ్బా మీద 126 వాట్లని ఉంటుంది. వైరు చుట్టూ పట్టించి కరెంటు కొలిచే క్లాంప్ మీటరు పెడితే 5 నుంచి 6 ఆంపియర్లు చూపిస్తుంది. అంటే 14 వోల్టుల దగ్గర 70 నుంచి 85 వాట్లు. "డైనమో మీద లోడు పడింది, అందుకే ఇంజిన్ వేడెక్కింది" అని ఎవరైనా చెబితే లెక్క వేసి చూడండి. డైనమో సామర్థ్యం 60 శాతమే అనుకున్నా ఇంజిన్ మీద అదనంగా పడేది 140 వాట్లకు అటూ ఇటూ. హైవే మీద 100 కిలోమీటర్ల వేగంతో పోయే చిన్న కారు రేడియేటర్ బయటికి నెట్టాల్సిన వేడి 15 వేల వాట్ల పైమాటే. అందులో ఈ భారం నూరో వంతు కూడా రాదు. లోడు వల్ల ఇంజిన్ హీటెక్కిందన్న మాటను ఇక్కడితో పక్కన పెట్టేయవచ్చు. బార్ బదులు జత 100/90 వాట్ల హాలోజన్ బల్బులైతే కొంచెం వేరు. హై బీమ్‌లో 14, 15 ఆంపియర్లు లాగుతాయి. ఇంజిన్ ఐడిల్‌లో ఉన్నప్పుడు, బ్యాటరీ ముసలిదైతే, వోల్టేజీ 12 దగ్గరకు జారి ఫ్యాన్ నెమ్మదిస్తుంది.

ముల్లు ఎప్పుడు లేస్తోంది?

కారణం పట్టుకోవడానికి స్పానరు ముట్టుకోకముందే అడగాల్సిన ప్రశ్న ఇది. నాలుగు రకాల జవాబులొస్తాయి, నాలుగూ నాలుగు వేర్వేరు చోట్లకు దారి తీస్తాయి.

లైటు స్విచ్ వేసిన క్షణమే టెంపరేచర్ ముల్లు లేచి, ఆపగానే దిగిపోతోందా? అయితే ఇంజిన్ వేడెక్కలేదు. లీటర్ల కొద్దీ కూలెంట్ ఒక్క సెకనులో వేడెక్కదు, ఒక్క సెకనులో చల్లారదు. ఇది ఎర్త్ లోపం, అంటే కరెంటు బాడీ మీదుగా బ్యాటరీ నెగటివ్‌కు తిరిగి వెళ్లే దారిలో లోపం. పాత బండ్లలో టెంపరేచర్ సెన్సర్ ఒంటి వైరుది, దాని ఎర్త్ ఇంజిన్ బ్లాకే. లైట్ల కరెంటు తుప్పు పట్టిన బాడీ ఎర్త్ మీదుగా తిరిగి వెళ్లేటప్పుడు మీటరు ఎర్త్‌కూ ఇంజిన్ ఎర్త్‌కూ మధ్య వోల్టేజీ తేడా పుట్టి ముల్లు తప్పు చూపిస్తుంది. సెన్సర్ నేరుగా ఈసీయూకి (ఇంజిన్‌ను నడిపే కంప్యూటరుకు) వెళ్లే కార్లలో ఇది అరుదు. సందేహముంటే కారు డయాగ్నస్టిక్ సాకెట్‌లో ఓబీడీ అడాప్టర్ పెట్టి ఫోనులో కూలెంట్ టెంపరేచర్ చూడండి. అక్కడ 90 ఉండి మీటరు ఎర్ర గీత దగ్గరుంటే రేడియేటర్ జోలికి పోనక్కర్లేదు.

ట్రాఫిక్‌లో నిలబడ్డప్పుడు, ఏసీ వేసి పార్కింగులో ఉన్నప్పుడు, తిరుమల ఘాట్‌లో రెండో గేరులో ఎక్కుతున్నప్పుడు హీటెక్కి, రోడ్డు మీద వేగం అందుకోగానే దిగుతోందా? ఫ్యాన్ పని చేయడం లేదు, లేదా నీరసంగా తిరుగుతోంది.

దీనికి తలకిందులుగా, ఊళ్లో బాగానే ఉండి హైవే మీద 80 దాటాక లేచి, నెమ్మదిస్తే దిగుతోందా? గాలి అందడం లేదు. బార్ గ్రిల్లుకు అడ్డొచ్చింది.

వేగంతో సంబంధం లేకుండా హీటెక్కుతూ, రిజర్వ్ బాటిల్‌లో కూలెంట్ తగ్గుతోందా? ఎక్కడో కారుతోంది. బిగించేటప్పుడు స్క్రూ తగిలి ఉండవచ్చు.

ఫ్యాన్: ఎక్కువ కేసులు ఇక్కడే

మారుతి స్విఫ్ట్ లాంటి, ఇంజిన్ అడ్డంగా కూర్చునే చిన్న కార్లలో రేడియేటర్ ఫ్యాన్ కరెంటు మోటారుతో తిరుగుతుంది. బార్ బిగించడానికి ముందు బంపర్ దింపుతారు. దింపినప్పుడు రెండు మూడు కనెక్టర్లు ఊడదీస్తారు, తిరిగి పెట్టేటప్పుడు ఒకటి మరిచిపోతారు, లేదా టక్కుమని లాక్ పడేదాకా నొక్కరు. కాబట్టి మొదటి పరీక్ష చాలా తేలిక. బానెట్ ఎత్తి, ఇంజిన్ స్టార్ట్ చేసి, ఏసీ వేయండి. చాలా కార్లలో ఏసీ కంప్రెసర్ పట్టుకోగానే ఫ్యాన్ కూడా కదులుతుంది. తిరగకపోతే ఫ్యూజు, రిలే, కనెక్టర్, ఎర్త్ ఇదే వరసలో చూడాలి. ఏసీకి తిరిగి, ఇంజిన్ వేడికి మాత్రం తిరగకపోతే సెన్సర్ వైపు, ఈసీయూ వైపు వెతకాలి. ఏసీ లేకుండా ఐడిల్‌లో వదిలేస్తే చాలా కార్లలో 95 నుంచి 102 డిగ్రీల మధ్య ఫ్యాన్ మొదలవుతుంది, కొన్ని డిగ్రీలు దిగాక ఆగుతుంది. 105 దాటినా కదలకపోతే ఇంజిన్ ఆపేయండి. చేతులు దూరంగా ఉంచండి, కొన్ని కార్లలో తాళం తీసేశాక కూడా ఫ్యాన్ దానంతటదే తిరుగుతుంది.

ఇంజిన్ హీటెక్కక ముందే ఒక ముందస్తు గుర్తు ఉంటుంది. సిగ్నల్ దగ్గర ఆగితే ఏసీ గాలి గోరువెచ్చగా మారి, బండి కదిలితే మళ్లీ చల్లబడుతుంది. ఏసీ గ్యాస్‌ను చల్లబరిచే కండెన్సర్ రేడియేటర్‌కు ముందే ఉంటుంది కాబట్టి ఫ్యాన్ నీరసిస్తే మొదట దెబ్బ తినేది ఏసీనే. గ్యాస్ పట్టించడానికి పరిగెత్తే ముందు ఫ్యాన్ చూడండి.

ఇక ఫ్యాన్ తిరుగుతూనే నీరసంగా ఉండటం అన్నది కళ్లకు దొరకని లోపం. దీనికి కారణం చాలాసార్లు ఎర్త్ బోల్టే. ముందు ప్యానెల్ మీద హెడ్‌లైటు, హారన్, ఫ్యాన్ ఎర్త్ వైర్లు ఒకే బోల్టు కింద ఉండే కార్లు చాలా ఉన్నాయి. బిగించేవాళ్లు ఆ బోల్టు విప్పి, కిట్‌లోని పల్చటి లగ్గును (వైరు చివరి రింగును) అన్నిటికన్నా కింద పెట్టి, సగం బిగించి వదిలేస్తారు. కొందరు కొత్త చోట బాడీకి సెల్ఫ్ స్క్రూ కొట్టి, రంగు గీకకుండానే లగ్గు బిగిస్తారు. రంగు కరెంటును పోనివ్వదు, స్క్రూ మరలు మాత్రమే లోహాన్ని తాకుతుంటాయి. అలాంటి బోల్టును విప్పి చూడండి. లగ్గు రింగు ఒక పక్క నల్లగా కమిలి ఉంటుంది, పక్కనున్న వైరు తొడుగు గట్టిపడి ముడుచుకుని ఉంటుంది, వాషరు కింద మెరిసే లోహం బదులు గోధుమ రంగు పొడి రాలుతుంది.

లెక్కలో చూద్దాం. ఫ్యాన్ 10 ఆంపియర్లు లాగుతుంటే, ఆ జాయింట్‌లో ఓమ్‌లో పదో వంతు నిరోధం ఉన్నా ఒక వోల్టు అక్కడే పోతుంది, 10 వాట్ల వేడి అక్కడే పుడుతుంది. 14 వోల్టులు అందాల్సిన మోటారుకు 13 అందుతాయి. వానకాలం గడిచి తుప్పు పెరిగాక 11 అందుతాయి, ఫ్యాన్ వేగంలో ఐదో వంతు పోతుంది. పదో వంతు ఓమ్ మామూలు మల్టీమీటరు ఓమ్స్ మోడ్‌లో నమ్మకంగా కనబడదు. "కంటిన్యుటీ ఉందండీ, బీప్ వస్తోంది" అన్న మాటతో సరిపెట్టుకోకండి. వోల్టేజ్ డ్రాప్ పరీక్షే చేయాలి.

మల్టీమీటరును డీసీ 20 వోల్టులకు పెట్టి, నల్ల ప్రోబు బ్యాటరీ నెగటివ్ పోస్టు మీద ఉంచండి. ఇంజిన్, ఏసీ, ఫ్యాన్ ఆన్. ఎర్ర ప్రోబును ఫ్యాన్ కనెక్టర్ వెనక నుంచి ఎర్త్ వైరుకు తాకించండి. 0.2 వోల్టుల లోపు ఉంటే మంచిది. 0.5 దాటితే ఎర్త్ విప్పాల్సిందే. ఇప్పుడు బార్ స్విచ్ వేయండి. అంకె ఇంకా పెరిగితే బార్, ఫ్యాన్ ఒకే చెడ్డ ఎర్త్‌ను పంచుకుంటున్నాయని తేలిపోయినట్టే. పాజిటివ్ వైపు కూడా ఇదే పద్ధతి. ఒక ప్రోబు బ్యాటరీ పాజిటివ్ మీద, రెండోది ఫ్యాన్ పాజిటివ్ వైరు మీద. 0.5 వోల్టుల లోపు ఉండాలి. అంతకు మించితే ఫ్యాన్ వైరు నుంచి లైటుకు కరెంటు లాగారేమో చూడండి. ముందు భాగంలో అందుబాటులో ఉన్న లావు వైరని ఫ్యాన్ వైరును బ్లేడుతో గీరి, కిట్ వైరును మెలిపెట్టి, నల్ల టేపు చుట్టిన జాయింట్లు కనబడతాయి. ఎండకు టేపు జిగురు కారిపోయి జాయింట్ బయటపడుతుంది. ఫ్యాన్ వేగాన్ని ఈసీయూ నియంత్రించే కొత్త కార్లలో అయితే ఆ వైర్లు ముట్టుకోవడమే తప్పు.

ఎర్త్ సరిచేయడం పావుగంట పని. బోల్టు విప్పి, బాడీ మీద లగ్గు కూర్చునే చోట ఎమరీతో లోహం మెరిసేదాకా గీకాలి. కంపెనీ లగ్గులు నేరుగా లోహానికి ఆనాలి, కిట్ లగ్గు అన్నిటికన్నా పైన రావాలి, దాని మీద స్టార్ వాషరు పడాలి. బిగించాక పైన గ్రీజు లేదా పెట్రోలియం జెల్లీ. ఇంతకన్నా మేలు, బార్‌కు విడిగా ఒక ఎర్త్ పాయింటు ఇవ్వడం. బ్యాటరీ నెగటివ్ పోస్టు మీద కరెంటు సెన్సర్ ఉన్న కార్లలో పోస్టుకు నేరుగా కలపకండి, బాడీకే ఇవ్వండి. లేకపోతే ఈసీయూ బ్యాటరీ ఛార్జింగ్ లెక్క తప్పుతుంది.

బార్ ఎక్కడ ఉంది?

క్లాంపులకు 2 మార్కులే ఇవ్వడానికి కారణం, అవి బార్‌ను గ్రిల్లుకు సరిగ్గా ఎదురుగానే కూర్చోబెడతాయి. పక్కకో కిందకో జరుపుకునే వీలు లేదు. బార్ దాదాపు 50 సెంటీమీటర్ల వెడల్పు, 7 నుంచి 8 సెంటీమీటర్ల ఎత్తు. చిన్న కారు కింది గ్రిల్లు తెరుపే ఎత్తులో జానెడు కూడా ఉండదు. అందులో సగం దాకా మూసేస్తే రేడియేటర్‌కు మిగిలేది ఎంత? పైగా బార్ వెనక చల్లబరిచే రెక్కలుంటాయి, వాటి వెనక గాలి సుడులు తిరిగి కండెన్సర్ మధ్య భాగానికి చేరదు. తొలగించిన హారన్‌ను కూడా తెచ్చి కండెన్సర్ ముందే బిగించిన బండ్లున్నాయి.

ఇక్కడ తికమక పెట్టేది థర్మోస్టాట్. అది 82 నుంచి 88 డిగ్రీల మధ్య తెరుచుకోవడం మొదలుపెడుతుంది, పూర్తిగా తెరుచుకునేదాకా ఎంత గాలి తగ్గినా టెంపరేచర్‌ను సర్దుతూ ఉంటుంది. డిసెంబరులో బార్ పెట్టిస్తే ముల్లు కదలదు. చల్లబరిచే శక్తిలో మిగులు మాత్రం తరిగిపోయి ఉంటుంది. మే నెలలో రెంటచింతల, రామగుండం ఎండలో, నలుగురు మనుషులతో, ఏసీ వేసి పోతున్నప్పుడు ఆ లోటు బయటపడుతుంది. అప్పటికి లైట్లు పెట్టించి ఆరు నెలలై ఉంటుంది కాబట్టి ఎవరికీ వాటి మీద అనుమానం రాదు. వాటర్ పంపు మార్చేస్తారు.

పరీక్ష సులువు. ఓబీడీలో కూలెంట్ టెంపరేచర్, బయటి ఉష్ణోగ్రత రెండూ రాసుకుంటూ ఒకే రోడ్డు మీద ఒకే వేగంతో, ఏసీ వేసి, అరగంట నడపండి. బార్ రెండు బోల్టులు విప్పి డిక్కీలో పడేసి మళ్లీ అదే రోడ్డు. కూలెంట్‌కూ బయటి ఉష్ణోగ్రతకూ మధ్య తేడా బార్ ఉన్నప్పటికీ లేనప్పటికీ రెండు మూడు డిగ్రీలే మారితే పట్టించుకోనక్కర్లేదు. ఎనిమిదీ పదీ వస్తే బార్ చోటు మార్చాల్సిందే. బార్ తీసేసినా తగ్గకపోతే బంపర్ కింద చూడండి. రేడియేటర్ పక్కల ఉండే ప్లాస్టిక్ డక్టు, ఫోము పట్టీ, ఇంజిన్ కింది కవరు బిగింపులో మిస్ అయి ఉంటాయి. అవి లేకపోతే గాలి రేడియేటర్ గుండా పోకుండా పక్కల నుంచి తప్పుకుంటుంది. ఆ క్లిప్పులు చవక, స్పేర్ పార్ట్స్ దుకాణంలో దొరుకుతాయి.

చిన్న కారుకైతే మా సలహా వేరే. బార్ మానేసి, గ్రిల్లు తెరుపుకు బయట, బంపర్ రెండు మూలల్లో కూర్చునే చిన్న లైట్ల జత తీసుకోండి. జీపు రకం బండ్లలో గ్రిల్లు పెద్దది కాబట్టి బార్‌కు చోటుంటుంది, అయినా కండెన్సర్‌కు అరచేయి వెడల్పయినా ఎడం ఉంచాలి.

వైరింగుకు 1 మార్కు ఎందుకు

పై తొడుగు లావుగా ఉంటుంది, లోపల తీగలు పల్చన. చివర అర అంగుళం ఒలిచి ఒక పోగును బ్లేడుతో గీరండి. లోపల తెల్లగా కనిపిస్తే అది రాగి పూత వేసిన అల్యూమినియం. అల్యూమినియం తీగ నొక్కిన చోట నెమ్మదిగా వదులవుతుంది, తేమకు తెల్లగా పుండు కడుతుంది. ఎల్‌ఈడీ బార్‌కు 1.5 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు, 55 వాట్ల హాలోజన్ జతకు 2.5 వాడాలి. ఫ్యూజు కిట్‌లో స్విచ్ దగ్గర వస్తుంది. అది బ్యాటరీకి జానెడు లోపలే ఉండాలి. లేకపోతే మధ్యలో వైరు బాడీకి రాసుకుంటే ఫ్యూజు కాపాడలేదు. ఈ బార్‌కు 10 ఆంపియర్ల ఫ్యూజు సరిపోతుంది. మాటిమాటికీ పోతోందని 30 వేయించకండి.

రిలే బాగానే ఉంది. 30వ పిన్ను బ్యాటరీ నుంచి ఫ్యూజు మీదుగా, 87 లైటుకు, 85 ఎర్త్‌కు, 86 ట్రిగ్గరుకు (రిలేను పని చేయించే వైరుకు). ట్రిగ్గరును హై బీమ్ వైరు నుంచి తీసుకుంటే డిప్పర్ వేయగానే బార్ ఆరుతుంది, ఎదుటి బండికి ఇబ్బంది ఉండదు. కొన్ని కార్లలో హై బీమ్ నెగటివ్ వైపు స్విచ్ అవుతుంది. టెస్టర్ లైటుతో ముందే చూసుకుని 85, 86 ఆ ప్రకారం కలపాలి. వైరును ఎగ్జాస్టు పక్కగా, ఫ్యాన్ రెక్కల ముందుగా లాగకూడదు. వదులుగా వేలాడిన కేబుల్ టై ఫ్యాన్‌లో చిక్కుకుని మోటారు మాడిపోయిన సందర్భాలున్నాయి.

స్క్రూల పొట్లంలో 40 మిల్లీమీటర్ల సెల్ఫ్ స్క్రూలు వస్తాయి. వాడకండి. ముందు ప్యానెల్ వెనక కండెన్సర్ వేలెడు దూరంలో ఉంటుంది. మొన తగిలితే గ్యాస్ పోయి నూనె మరక పడుతుంది, రేడియేటర్‌కు తగిలితే ఆరిన కూలెంట్ తెల్ల పొరలా కనబడుతుంది. పొట్టి బోల్టు, నట్టు వేయించండి.

కూలెంట్ స్థాయి ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడే చూడాలి. వేడి మీద క్యాప్ తిప్పితే మరిగే నీళ్లు ముఖాన చిమ్ముతాయి. క్యాప్ రబ్బరు పగిలితే ఒత్తిడి నిలవక కూలెంట్ త్వరగా మరుగుతుంది, దాన్ని కూడా ఈ పనిలోనే మార్చేయండి. దారిలో ముల్లు ఎర్ర గీత తాకితే ఏసీ ఆపి, హీటరు పూర్తి వేడికి తిప్పి బ్లోయరు పెట్టి, బండి పక్కకు తీసి ఇంజిన్ ఆపండి. మీద చన్నీళ్లు పోయకండి, హెడ్డు వంకర పోతుంది.

కొనేముందు చట్టం కూడా తెలిసి ఉండాలి. కేంద్ర మోటారు వాహనాల నిబంధనలు, 1989లో 111వ నిబంధన ప్రకారం రిజిస్టరింగ్ అధికారి అనుమతి లేకుండా బండి ముందు స్పాట్ లైట్లు పెట్టకూడదు. పోలీసులు ఆపితే ఈ బార్‌ను సమర్థించుకోవడం కష్టం. కంపెనీ వైర్లు కోసి జాయింట్ వేస్తే వారంటీ దగ్గరా పేచీ వస్తుంది. కోయకుండా కనెక్టర్‌కు కనెక్టర్ కలిపే వైరింగు విడిగా దొరుకుతుంది. ఈ కిట్‌లో బార్ ఉంచుకుని వైరింగు అలాంటిది కొనుక్కుంటే ఖర్చు కొంత పెరుగుతుంది, పని మాత్రం శుభ్రంగా ఉంటుంది.

దుకాణంలో డబ్బులిచ్చే ముందు బానెట్ ఎత్తించి, బార్ వెలిగించి, ఏసీ వేసి, ఇంజిన్‌ను పదిహేను నిమిషాలు ఐడిల్‌లో ఉంచమనండి. ఫ్యాన్ తిరగడం, ఓబీడీలో అంకె నిలకడగా ఉండటం మీ కళ్లతో చూడండి. తర్వాత ఒక 200 కిలోమీటర్లు తిరిగాక బార్ అరగంట వెలిగించి ఆపి, ఇంజిన్ కూడా ఆపి తాళం తీసి, ఎర్త్ బోల్టును, ఫ్యూజు హోల్డరును వేలితో ముట్టుకోండి. పక్కనున్న రేకు కన్నా వేడిగా తగిలితే అదే రోజు విప్పించి మళ్లీ గీకించి బిగించండి.